అయిదింటి బస్సు కొరకు జరిగిన ప్రాసెసర్ల సంగ్రామము

వినుడు సభాసదులారా. కుర్చీ దొరికినవారు కూర్చుండి వినుడు, దొరకనివారు గోడకు చేరగిలబడి వినుడు. మధ్యాహ్నభోజనానంతర నిద్రాభారనమితలోచనులై గుమాస్తాలెల్లరు ఫైళ్ళచాటున తూగుచుండ, సోమవారమునాడు సరిగా రెండు గంటలకు, బస్సుల కంపెనీ ఆఫీసు మొదటి అంతస్తున, మెట్ల పక్కన, కిటికీ లేని సర్వరు గదిలో, ఇద్దరు మహావీరులు ముఖాముఖి నిలిచిరి. మనుష్యులు కారు, సర్వర్లు. ట్రయలుకని తెచ్చినవి. పెట్టె అదే, మెమరీ అదే, లోపలి ప్రాసెసరు ఒక్కటే వేరు.

మొదటివాడు చతుష్షష్టిశిరస్కుండు, అనగా అరవై నాలుగు కోర్లవాడు, ప్రచండవేగుండు, విద్యుద్భక్షణదక్షుండు. పేరు పెద్దోడు. రెండవవాడు షోడశశిరస్కుండు, అనగా పదహారు కోర్లవాడు, మితాహారి, ధరలో పెద్దోనికి మూడవవంతు. పేరు చిన్నోడు. ఈ పేర్లు పెట్టినది ఎలక్ట్రీషియన్ బాబాయి. ఆయన దేనికైనా పేరు పెట్టనిదే స్క్రూ విప్పడు.

మరి వీరు గెలువవలసిన రాజ్యమేది? రోస్టరు. రేపు ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కవలెనో, ఎవరికి ఎవరు జతయో, ఎవరికి సెలవో తేల్చెడి మహాపట్టిక. పాత యంత్రము రెండింటికి మొదలిడి మూల్గుచు ముక్కుచు ఏడింటికి ముగించును. ఆ కాగితము నోటీసు బోర్డు నెక్కునంతవరకు ఆపరేటరమ్మ గది విడువరాదు.

ఆ ఆపరేటరమ్మయే మన కథానాయిక. ఆమె భర్త అదే కంపెనీలో డ్రైవరు, నాలుగు నెలలుగా రాత్రి సర్వీసు. ఆయన ఆరింటికి ఇల్లు కదులును, ఆమె ఎనిమిదింటికి ఇల్లు చేరును. పొద్దున ఆయన వచ్చు వేళకు ఆమె చెప్పులు తొడుగుచుండును. ఈమెకు ఆదివారం సెలవు, ఆయనకు బుధవారం; ఒకరికి తీరికైన వేళ రెండోవారు డ్యూటీలోనో నిద్రలోనో. ఆ డ్యూటీ వేసినదీ ఈమె నడిపే రోస్టరే, కానీ అందులో వేలు పెట్టే అధికారం ఆమెకు లేదు. కాపురమంతా ఫ్రిజ్ తలుపు మీద చీటీలతో నడుస్తోంది.

ఇందులో ఘోరమేమిటంటే, నాలుగు నెలల కిందట మొగుడూ పెళ్ళాలు బీరువా గురించి ఒక పోట్లాట మొదలుపెట్టారు. అది సగంలో ఆగిపోయింది. బీరువా కిటికీకి అడ్డముంది, జరపాలని ఆమె. జరిపితే తలుపు పూర్తిగా తెరుచుకోదని ఆయన. చీటీల మీద పోట్లాట ఉప్పులేని పప్పు. మాటకు మాట తగలాలి, ఎదుటి మొహం ఎర్రబడాలి. ఆమెకు మొగుడి మీద బెంగ పట్టుకుంది, తిట్టడానికైనా మనిషి ఎదురుగా ఉంటే చాలనిపించేంత బెంగ. రోస్టరు అయిదింటిలోగా వచ్చెనా, అయిదింటి బస్సు దొరుకును, అయిదున్నరకు ఇల్లు చేరును, పోట్లాటకు నిండు అరగంట మిగులును.

అంతట న్యాయనిర్ణేతయగు స్టోర్సు పెద్దాయన ఇనుప కుర్చీపై ఆసీనుడై, గంభీరస్వరమున ఇట్లు పలికెను:

"ఓ ఆపరేటరమ్మా! వేగమొక్కటే వీరలక్షణము కాదు. చేసిన పనిని వెలతో భాగింపుము, త్రాగిన కరెంటుతో భాగింపుము, ఆపై మిగిలినదే పరాక్రమము! ఈ గది విద్యున్మార్గము బక్కది, ఏసీ భారమునే మోయలేక మోయుచున్నది. రెండువందల ఏబది వాట్లు దాటినవానిని తిప్పి పంపెద, పాతవానితోనే పదియేండ్లు వెళ్ళదీసెద!"

అంటే ఆయన నిజంగా అన్నది, "చూడమ్మా, రెండొందల యాభై దాటితే నేను సంతకం పెట్టను. పాతదే వాడుకో." మిగతా సొగసంతా నాది. కవన్నాక ఆమాత్రం కలుపుకోడా?

ముందుగా పెద్దోడు రంగమున దుమికెను. అరువదినాలుగు శిరస్సులు ఒక్కపెట్టున మేల్కాంచ, అంతర్గతవ్యజనములు సింహనాదము సేయ, వాట్ మీటరుపై అంకెలు నాలుగువందలు, అయిదువందలు, ఏడువందలు అని ఎగబ్రాక, పాతవాడు అయిదు గంటలు ఈడ్చెడి పనిని ఇరువదితొమ్మిది నిమిషములలో నూటికి తొంబదెనిమిది పాళ్ళు ముగించి, ఆహా, ఇక విజయమే అనునంతలో టప్పుమని బ్రేకరు పడెను. గది చీకటాయెను. ఏసీ మూగవోయెను.

"వీడి తిండికి ఇల్లమ్మినా చాలదు," అన్నాడు బాబాయి, బ్రేకరు లేపుతూ.

రెండు నలభైకి చిన్నోడు బరిలో దిగెను. ఉరుకులు లేవు, గర్జనలు లేవు, నాట్లు వేసే కూలీలా వంచిన నడుము ఎత్తకుండా పని చేసుకుపోతున్నాడు. ఆపరేటరమ్మ మీటరు చూసింది. రెండు వందల అరవై రెండు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. అంతే ఉంది.

పెద్దాయన కలానికి మూత పెట్టాడు.

"పన్నెండే కదా సార్ ఎక్కువ," అందామె.

"ఇవాళ పన్నెండంటాం, రేపు నలభై అంటాం. వైరుకి మొహమాటం తెలీదమ్మా."

ఆమె బల్ల మీద ఎగిరిపోతున్న సెలవు చీటీలను అరచేత్తో అదిమిపెట్టింది. అప్పుడు తట్టింది. కిటికీ లేని గదిలో కాగితాలెందుకు ఎగురుతున్నాయి?

తొమ్మిదేళ్ళ కిందట ఒక వేసవిలో పాత యంత్రం కాగిపోతుంటే బాబాయి ఒక స్టాండు ఫ్యాను తెచ్చి దాని మొహాన పెట్టాడు. అప్పటినుంచీ సర్వరు ఆన్ చేయడమంటే ఫ్యానూ ఆన్ చేయడమే. ఆ చెయ్యికి ఆ అలవాటు. ఆఫీసులో ఎవరికీ అవి రెండు వేరనే సంగతే గుర్తులేదు. ఇప్పుడూ అదే ఫ్యాను, మీటరు తగిలించిన ప్లగ్గుబోర్డులోనే, చిన్నోడి మొహాన ఊదుతోంది, వాడు తాగని కరెంటును వాడి పేరన తాగుతోంది.

"బాబాయ్, ఆ ఫ్యాను తీసెయ్."

"ఫ్యాను లేకుండా సర్వరేంటమ్మా? కాలిపోతే నా మీదకొస్తుంది."

"ముట్టుకుని చూడు ముందు."

బాబాయి అరచెయ్యి ఆనించి చూశాడు. నమ్మకం కుదరక చెంప ఆనించి చూశాడు. "చల్లగా ఉన్నాడు వెధవ," అన్నాడు, కాస్త ముద్దుగానే.

అయినా ఆయన చెయ్యి రాలేదు. అంతట ఆ వీరాంగన కొంగు నడుమున దోపి, ధూళిధూసరితమగు ప్లగ్గును పిడికిట బట్టి, నవవర్షవాతావర్తకారణమగు ఆ వ్యజనమును ఒక్క పెరుకున నిర్జీవముగావించెను. మీటరు దిగెను. నూట ఎనభై ఏడు. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని చదివెను. వేడెక్కునేమోయని మరి అరగంట చెంప ఆనించుచు తీయుచు బాబాయి కాపలా కాసెను. ఎక్కలేదు.

నాలుగు ఏబదికి రోస్టరు అచ్చయి వెలువడెను.

"పెద్దోడు అరగంటలో తెచ్చేవాడే," అన్నాడు పెద్దాయన, మూత తీస్తూ. "అయినా రోజుకో రోస్టరుకి అంత హడావుడెందుకు? మూడోవంతు ధర, బ్రేకరు పడదు. వీణ్ణే ఉంచండి." సంతకం పెట్టాడు.

ఆ సంతకము సిరా ఆరకమునుపే ఆమె మెట్లు దిగి, నోటీసు బోర్డున కాగితము గుచ్చి, కదలబోవు అయిదింటి బస్సు నెక్కెను.

అయిదున్నరకు తలుపు తీస్తే ఆయన యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్నాడు. కంగారుపడ్డాడు. "ఏంటే, ఇంత పెందలాడే వచ్చావు? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. బీరువా సంగతి తేల్చండి." సంచి ఇంకా భుజాన్నే ఉంది.

అప్పుడు జరిగిన యుద్ధమును వర్ణింప నా తరమా? ఆమె కిటికీ యనెను, ఆయన తలుపనెను. ఆమె గాలి యనెను, ఆయన దారి యనెను. ఆమె వాళ్ళత్తగారి ఊసెత్తెను, ఆయన బావమరిది ఊసెత్తెను. మాటకు మాట తగిలెను, మొహములు ఎర్రబడెను. నాలుగు నెలల తరువాత అంత దగ్గరనుంచి ఆయన మొహం చూస్తూ ఆమె తిట్టలేక నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆరింటికి అయిదు నిమిషాలుండగా ఇద్దరూ చెరోవైపు పట్టి బీరువాను తోశారు.

"మిగతాది రేపు పోట్లాడదాం," అన్నాడాయన చెప్పులు వేసుకుంటూ. "రేపూ ఇదే టైముకి వస్తావుగా?"

"వస్తాను."

కావున లోకులారా, చాటుడు! షోడశశిరస్కుడగు చిన్నోని భుజబలమున, నూటయెనుబదియేడు వాట్ల వ్యయమున, సోమవారము సాయంకాలము అయిదు ఏబదియైదుకు, బీరువా జానెడు జరిగెను.