లేడన్న కొడుకు

ఆ పొద్దున ఆవిడ వేసుకున్న పథకం చిన్నదే. కొడుకు పరుగు నుంచి వచ్చేలోగా బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుట్టేయాలి. వాడొచ్చాక ఇద్దరూ కూర్చుని టిఫిన్ తినాలి. ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. పదో తరగతి దాటినప్పట్నుంచి వాడికి సైనిక అకాడమీ పిచ్చి పట్టుకుంది. తెల్లారకముందే పరుగు, చన్నీళ్ళ స్నానం, ఆపైన గుమ్మానికి బిగించిన ఇనుప కడ్డీ పట్టుకుని వేలాడటం. వాడికి సీటు రావాలని ఆవిడ పైకి అనేది. లోపల మాత్రం, వాడు వెళ్ళిపోతే ఇక మాట్లాడుకోవడానికి కుట్టుమిషనే గతి అనుకునేది.

తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా కానిస్టేబుల్.

"ఈ ఇంట్లో పదిహేడేళ్ళ కుర్రాడున్నాడా అమ్మా?"

ఆవిడ ఊహ అప్పుడే పరుగందుకుంది. వాడు పరిగెత్తుతూ ఎవరినో గుద్దేసి ఉంటాడు. ఎవరో ముసలాయన్నే. ఆయన పోయే ఉంటాడు. ఇక వీడికి యావజ్జీవం.

"లేడండీ!" అనేసింది.

"మరి ఆ బూట్లు?" గడప పక్కన కొడుకు పాత బూట్లు పడవల్లా పడున్నాయి.

"నావే బాబూ."

కానిస్టేబుల్ ఆవిడ పిడికెడు పాదాల వంక చూశాడు. "ఆ కడ్డీ?"

"తడిబట్టలు ఆరేసుకుంటా."

"గుమ్మంలోనా?"

"గాలి బాగా ఆడుతుంది."

ఇంతలో ఈ మాటలన్నీ విన్న ఎదురింటి పిన్నిగారు ఊడిపడింది. సంగతేమిటో తెలియకపోయినా సాయం చేసేయడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన గుణం. "ఏంటయ్యా, ఆవిణ్ణి నిలబెట్టి దబాయిస్తున్నావు? పిల్లాజెల్లా లేని మనిషి. రేపు జ్వరమొస్తే మంచినీళ్ళిచ్చే దిక్కులేదు!"

అబద్ధమని తెలిసినా ఆ మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది. తల్లి బావురుమంది. కానిస్టేబుల్ బెంబేలెత్తిపోయాడు. "ఏడవకమ్మా. అలాంటి కుర్రాడెవడూ ఇక్కడ లేడని చెప్పేస్తాలే," అని ఓదార్చి వెళ్ళిపోయాడు.

కాసేపటికి కొడుకొచ్చాడు. "అమ్మా, పోలీసులొచ్చారా? నేనిక్కడే ఉంటున్నానో లేదో అకాడమీ వాళ్ళు కనుక్కోమన్నారట. తేడా వస్తే సీటు పోయినట్టే."

"ముందే చెప్పి ఏడవచ్చు కదరా!"

"చెబితే నిద్ర మానేస్తావనే చెప్పలేదు."

నోరు మూసుకుంటే చాలు. సీటు పోతుంది, కొడుకు మిగులుతాడు. ఆవిడ మూసుకుంది కూడా. వాడు నేల మీద చతికిలబడి బూట్లు విప్పాడు. మేజోడు మడమ మీది బొబ్బకు అంటుకుపోయింది. పళ్ళు బిగబట్టి లాగబోతూ, తల్లి చూస్తోందని నవ్వాడు.

"విప్పకు. మళ్ళీ తొడుక్కో," అంది ఆవిడ. "స్టేషన్‌కెళ్ళాలి."

స్టేషన్లో కానిస్టేబుల్ నోరెళ్ళబెట్టాడు. "ఇందాకే కదమ్మా పిల్లల్లేరని ఏడ్చావు? అప్పుడే ఇంత పొడుగు కొడుకా?"

"అద్దెకు తెచ్చిందేమో," అన్నాడు ఎస్సై. "నీ కొడుకేనని రుజువేంటి?"

"రుజువా? వీడికి మూడో ఏట కోరింతదగ్గు బాబూ. అయిదో ఏట గోడ మీంచి పడ్డాడు. ఇప్పటికీ ముసురు పడితే పిల్లికూతలే. ఆ కుడిచెవి చూడండి, కాస్త..."

ఎస్సై కలం అందుకున్నాడు.

"అమ్మా, ఆపవే! అవన్నీ రాస్తే అకాడమీ వాళ్ళు గుమ్మం నుంచే ఇంటికి పంపేస్తారు!"

"చచ్చేంత ఆరోగ్యం బాబూ వీడిది!" అని ఆవిడ నాలుక్కరుచుకుంది.

ఎస్సై పకపకా నవ్వాడు. "అద్దె కొడుకు గురించైతే ఇన్ని భయాలెందుకుంటాయిలే," అంటూ పాత రాత కొట్టేసి కొత్తది రాశాడు.

కానిస్టేబుల్ గొంతు తగ్గించాడు. "ఊరుకుంటే నీ దగ్గరే ఉండిపోయేవాడు కదమ్మా?"

"ఉండేవాడే. రోజూ ఆ కడ్డీ వంక చూస్తూ ఉండేవాడు."

బయటికి రాగానే కొడుకు, "నువ్వు బస్సులో వచ్చెయ్, నేను పరిగెత్తుకొస్తా," అన్నాడు. బొబ్బ సంగతి ఆవిడ ఎత్తేలోగానే మలుపు తిరిగిపోయాడు.

"ఎంతమందమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఒక్కదాన్నే బాబూ."

ఆ రోజు ఆవిడ మాటను సాక్ష్యం అడక్కుండా నమ్మినవాడు అతనొక్కడే.