తాళం వేసిన వార్తలు

ఆ పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టకముందే విష్ణువర్ధన్ ఒక గట్టి నిర్ణయానికి వచ్చాడు. ఇకమీదట విలేకరులు తన వెబ్‌సైట్‌కు వార్తలూ ఫోటోలూ ఎన్‌క్రిప్షన్‌లోనే, అంటే తాళం వేసినట్టుగానే, పంపాలి. ఉరవకొండ నుంచి ఆయన నడిపే ‘కొండకింద కబుర్లు’లో రావలసిన ప్రతి ఫోటో, ‘అందరికన్నా ముందు’ అనే పోటీ సైట్‌లో నిజంగానే అందరికన్నా ముందు వస్తోంది. దాన్ని నడిపే మహానుభావుడెవరో ఎవరికీ తెలియదు.

తొలకరి పడి, వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతున్న రోజులవి. ఏడాదిలో విష్ణువర్ధన్ సైట్‌ను నలుగురూ చూసేది అప్పుడే. ఈసారి కూడా వజ్రం వార్త పరులపాలైతే సైట్ మూసేసి, తన నాయన వేరుశనగ మిల్లులో కూర్చోవాలని భార్య హేమ తేల్చి చెప్పింది. మామగారి ఎదుట రోజంతా కూర్చోవడం తలచుకుంటేనే విష్ణువర్ధన్‌కు నీరసం వచ్చేది.

విలేకరులు పంపే ఫైళ్లు పోస్టుకార్డుల్లా వస్తున్నాయనీ, దారిలో ఎవడైనా చదువుకోవచ్చనీ బెంగళూరు స్నేహితుడొకడు చెప్పాడు. ప్రతివాడూ తన కంప్యూటర్‌లో తాళంచెవి లాంటి ఒక రహస్య ఫైలు చేసుకుని, దానికి జోడీగా వచ్చే రెండో ఫైలును మాత్రమే ఇక్కడికి పంపాలట. విష్ణువర్ధన్ తన ముగ్గురు విలేకరులకూ ఫోన్లో అదంతా పూసగుచ్చినట్టు చెప్పి, “రహస్య ఫైలు ఎవురికీ చూపీయొద్దప్పా. కన్నతల్లికి కూడా” అని ఒట్టు వేయించుకున్నాడు.

కాసేపటికే యాడికి విలేకరి సువార్త తన రహస్య ఫైలును వాట్సాప్ గ్రూపులో పెట్టింది, దండం బొమ్మతో సహా. వజ్రకరూరు జోయల్ బాగుందని బొటనవేలు చూపించాడు. ఉరవకొండ పల్లెలు చూసే ఎర్రిస్వామి, అదే తనకూ సరిపోతుందా అని అడిగాడు. విష్ణువర్ధన్ తల పట్టుకుని, మళ్లీ కొత్తవి చేసుకోమని చెప్పి, పాత దారిని పూర్తిగా మూసేశాడు.

దాంతో, కొత్త దారి ఎవరికీ చేతకాక, సైట్ కూడా మూసినంత పనైంది. వేరుశనగ ధర ఏదని రైతులు ఫోన్లు చేశారు. ఎరువుల కొట్టు నాగేశ్వర తన ప్రకటన తీసేయమన్నాడు. హేమ పుట్టింటికి ఫోన్ చేసి, మిల్లులో ఫ్యాను తిరుగుతోందో లేదో కనుక్కుంది.

విష్ణువర్ధన్ ఆశ వదులుకునే వేళకు, ఒక పొద్దున ఫైళ్లన్నీ వరుసగా వచ్చి పడ్డాయి, అన్నీ ఎన్‌క్రిప్షన్‌లోనే. ఆయన పొంగిపోయి, తమ వార్తలను ఇక ఏ దొంగా తాకలేడని సైట్‌లో పెద్ద అక్షరాలతో వేసుకున్నాడు. మధ్యాహ్నం జోయల్ పేరుతో అసలైన ఫోటో వచ్చింది. కూలికి పోయిన నల్లమ్మ అరచేతిలో శనగగింజంత వజ్రం. దాన్ని ఎక్కించబోతూ, అలవాటు చొప్పున పోటీ సైట్ తెరిచాడు. నల్లమ్మ అప్పటికే అక్కడ నవ్వుతోంది.

వెంటనే జోయల్‌కు ఫోన్ చేసి, రహస్య ఫైలు ఎవరికి చూపించావని నిలదీశాడు.

“ఒట్టన్నా, మా అమ్మకు కూడా చూపీలేదు. నేను కూడా చూడలేదు. అంతా దాసప్ప చేసినాడు. ఫోటో ఆయప్పకు వాట్సాప్ చేస్తే, ఆయప్పే తాళమేసి నీకు పంపుతాడు. సువార్తక్కా, ఎర్రిస్వామన్నా కూడా అంతే.”

పింఛనుకు వేలిముద్ర దగ్గర్నుంచి పిల్లల హాల్‌టికెట్ల దాకా ఆ చుట్టుపక్కల కంప్యూటర్ పని ఏదైనా దాసప్ప సెంటర్‌లోనే జరుగుతుంది. విష్ణువర్ధన్ వెళ్లేసరికి దాసప్ప తెర మీద ‘అందరికన్నా ముందు’ తెరిచి ఉంది. నల్లమ్మ ఫోటో కింద ఆయన ఇంకో వాక్యం రాసుకుంటున్నాడు. దాచాలన్న తొందర కూడా లేదు.

“దొంగవు నువ్వేనా?”

“దొంగేందన్నా? వాళ్లకు కంప్యూటర్లు యాడుండాయి? మొదట్నుంచీ ఈడ్నుంచే కదా పంపుతాండేది. నువ్వెప్పుడన్నా అడిగినావా? ఈ తాళం మాత్రం శానా మంచిదన్నా. ముందు ఇంకెవురెవురో దారిలో ఎత్తుకుంటాండ్రి. ఇప్పుడు నాకొక్కనికే వస్తాండాది.”

విష్ణువర్ధన్‌కు కోపం కన్నా సిగ్గు ఎక్కువైంది. ఇన్నేళ్లలో తన విలేకరులు ఎక్కణ్నుంచి పంపుతున్నారో ఒక్కసారి కూడా అడిగిన పాపాన పోలేదు. దాసప్పకు మాత్రం ఆ సిగ్గేమీ లేదు. రాయడం నీకొస్తుంది, పంపడం నాకొస్తుంది, రెండు సైట్లూ ఒకటి చేద్దామన్నాడు. మామగారి ముఖం కళ్లముందు మెదిలి, విష్ణువర్ధన్ మరుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఇద్దరూ సెంటర్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు. వచ్చిన ప్రతి ఫోటోకూ దాసప్ప తాళం వేసి, మూరెడు దూరంలో ఉన్న విష్ణువర్ధన్‌కు ఎంతో భద్రంగా పంపిస్తున్నాడు.