పెళ్లికొడుకు నడక

పెళ్లిరోజు పొద్దున యెహోషువ చేయవలసిన పని ఒక్కటే: చర్చి తలుపు దగ్గర నుంచి పాస్టరుగారి ముందు దాకా నిదానంగా నడవడం. అదే అతనికి రాదు. చిట్టమూరు ఇసుకదారుల్లో టపా సంచి భుజాన వేసుకుని సగం పరుగుగా నడిచే రన్నరు అతను. నిశ్చితార్థంనాడు ఆ నడక చూసి, ఎవరైనా తరుముతున్నారా అని పెళ్లికూతురి తండ్రి అడిగాడు. ఆయన పేరు సమాధానం.

ఆ మాట యెహోషువ అక్క మగ్దలీనమ్మకు గుచ్చుకుంది. తమ్ముడి చేత సెలవు పెట్టించి, రెండు చీలమండలకూ ఇసుక మూటలు కట్టింది. మొదట్లో కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగాడు. రానురాను ఎంత బలంగా ఎత్తాలో కాళ్లు నేర్చుకున్నాయి. నడక పెద్దమనిషి నడకయింది. తీరా పెళ్లినాడు కొత్త ప్యాంటు కింద మూటలు పట్టలేదు. చర్చి మెట్ల మీద మగ్దలీనమ్మ వాటిని విప్పేసింది.

మూటలు పోయిన సంగతి కాళ్లకు తెలియలేదు. పాట మొదలయ్యేసరికి యెహోషువ కుడి మోకాలు బొడ్డుదాకా లేచింది. ఎడమకాలు పూలకుండీని తన్నింది. ఆ ఊపుకి వదులు బూటు ఊడి, ముందు వరసలో సమాధానం ఒళ్లో పడింది.

"మద్యనిషేధం ఉన్న జిల్లాలో, అదీ దేవుని సన్నిధికి, తాగి వచ్చినాడు" అని సమాధానం పెళ్లి ఆపమన్నాడు.

మగ్దలీనమ్మ మూటల సంగతి చెప్పింది. బరువు తీస్తే నడక తేలికవుతుంది గానీ తన్నుడెందుకు వస్తుందని ఆయన ఎదురడిగాడు. తమ్ముడి తాగుడు దాచుకుంటున్న అక్కను చూసి అందరూ జాలిపడ్డారు. నోరు వాసన చూడమని యెహోషువ అంటే, యాలక్కాయ నమిలి ఉంటాడన్నారు.

తలుపు దగ్గర నిలబడ్డ పెళ్లికూతురు ఆనందకుమారి అప్పుడు నోరు విప్పింది. "నాయనా, ఆయన్ని ఇంకోసారి నడవనీ. ఆ తర్వాత చూద్దాం."

పాస్టరుగారు కళ్లు మూసుకుని, తాగుడు దయ్యం వదలాలని ప్రార్థన అందుకున్నారు. యెహోషువ బల్లల మధ్య ఇటూ అటూ నడిచాడు. పోనుపోను మోకాళ్లు దిగాయి. దీర్ఘమైన ఆ ప్రార్థన ముగిసేసరికి అందరిలాగే నడుస్తున్నాడు. చర్చి అంతా హల్లెలూయా అంది. సమాధానం కన్నీళ్లతో అల్లుణ్ని కౌగిలించుకున్నాడు.

"నేను తాగలేదు మామా."

"ఇంక తాగవులే నాయనా."

పెళ్లి జరిగింది. జన్మలో చుక్క ముట్టని యెహోషువ, తాగుడు మానిన మనిషిగా గూడూరు దాకా పేరు పడ్డాడు. సభల్లో సాక్ష్యం చెప్పమని పిలుపులొచ్చాయి. ఆడవాళ్లు మొగుళ్లను వెంటబెట్టుకుని వచ్చి, ఎట్లా మానాలో చెప్పమనేవారు. కాదనలేక వాళ్లను కూర్చోబెట్టి, అసలు తాగితే ఎట్లా ఉంటుందో ముందు తాను అడిగి తెలుసుకునేవాడు.