ఎవరి డబ్బా వాళ్లది

ఆదివారం పొద్దున పళ్ల డాక్టరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండుకల్లా సామాను వ్యానులోకి ఎక్కించాలి. రెండింటికి హాల్లో దించాలి. నాలుగింటికి ఆరు పాటలు వాయించి, ఎవరిచేతా మాట పడకుండా ఇంటికి రావాలి. ఈ చివరిది మాత్రం ఐదేళ్లలో ఒక్కసారీ జరగలేదు.

ఆయన రాక్ బ్యాండులో నలుగురు. లీడ్ గిటారు డాక్టరుది. రోజంతా డ్రిల్లు మోతలో పనిచేసే మనిషి కాబట్టి మామూలు చప్పుడు ఆయన చెవికి ఆనదు. బేస్ గిటారు లెక్కల మాస్టారిది. డ్రమ్ములు బేకరీ ఆయనవి. రోజూ బస్తాడు పిండి పిసికే చేతులకి డ్రమ్ము ఒక లెక్కా! పాడేది డాక్టరు భార్య చెల్లెలు. లైబ్రరీలో ఉద్యోగం. వారమంతా ఆవిడ అందరినీ "ష్" అంటుంది. ఆదివారం వచ్చేసరికి ఆవిడ గోడు వినేవాడు ఉండడు.

జరిగేది ఎప్పుడూ ఒకటే. డాక్టరు తన గిటారు వినబడటం లేదని కొంచెం పెంచుతాడు. దాంతో మాస్టారిది మాస్టారికి వినబడదు. ఆయనా కొంచెం పెంచుతాడు. ఇద్దరినీ దాటాలని బేకరీ ఆయన బాదుతాడు. ఆ బాదుడుకి డాక్టరు గిటారు మళ్లీ డాక్టరుకే వినబడదు. మైకు పెంచుదామా అంటే స్పీకర్లు కీ...మని కూస్తాయి. ఆఖరికి అందరి మధ్యా పడి మరదలు గొంతు చించుకుంటుంది.

ఆ పొద్దున ఆవిడ వేణ్ణీళ్ల గ్లాసు పట్టుకుని వచ్చి బావ ఎదురుగా నిలబడింది.

"బావా, గొంతు డాక్టరు చెప్పేశాడు. ఇంకో ఆర్నెల్లు ఇలాగే అరిస్తే ఇక పాట మర్చిపోవచ్చట."

"నేనేం చేశాను తల్లీ? నాది నాకే వినబడి చావదు!"

"ఎలా వినబడుతుంది? ఆంప్లిఫయరు తీసుకెళ్లి నేల మీద పెడతావు. మోతంతా నీ మోకాళ్లకి తగులుతుంది. మోకాళ్లకి చెవులున్నాయా?"

"కుర్చీ మీద పెడితే చూడ్డానికి బాగోదు కదా."

"సరే, నీ అందం నీది. ఆ ఆరు పాటలూ నేను రాసినవి. ఇన్నేళ్లలో ఒక్క ముక్క ఒక్కరికి అర్థం కాలేదు. ఇవాళ మా లైబ్రరీ వాళ్లంతా వస్తున్నారు. ఇవాళ కూడా నా మాట వినబడలేదో, మైకు నీ చేతిలో పెట్టి వెళ్లిపోతా. మళ్లీ పిలవకు."

అన్నంత పనీ చేసే మనిషే. ఆ సంగతి డాక్టరుకీ తెలుసు.

ఆ మూలన కూర్చుని వైర్లు చుడుతున్న మావయ్య ఇదంతా విన్నాడు. ఆయన డాక్టరుకి మేనమామ, మరదలికి వరసకి బాబాయి. ముప్పై ఏళ్లు లిఫ్టులు బిగించిన మెకానిక్కు. బ్యాండుకి మిక్సర్ ముందు కూర్చునేది ఆయనే. పేరుకి సౌండంతా ఆయనదే కానీ, చేతిలో ఉన్నది మైకు ఒక్కటే. గిటార్లు ఎవరివి వాళ్లే పెంచుకుంటారు.

ఆయన మరదల్ని పక్కకి పిలిచాడు.

"అమ్మాయ్, నేను బిగించిన లిఫ్టుల్లో తలుపు మూసే బటను సగం చోట్ల దేనికీ కలపలేదు. అయినా నొక్కినవాడల్లా 'చూశావా, నొక్కగానే మూసుకుంది' అంటాడు. ముప్పై ఏళ్లలో ఒక్కడూ కంప్లెయింటు ఇవ్వలేదు."

"అయితే?"

"అయితే ఏముంది! మనిషికి కావలసింది సౌండు కాదమ్మా, బటను."

రెండింటికి హాల్లో దిగగానే మావయ్య మేనల్లుడికి ఒక డబ్బా ఇచ్చాడు. పైన తిప్పే నాబ్ ఒకటి, ఎర్ర దీపం ఒకటి.

"అల్లుడూ, ఇది నీ వాల్యూము. ఆంప్లిఫయరు మూడు మీద పెట్టేశాను, దాని జోలికి వెళ్లకు. ఎంత కావాలంటే అంత ఇక్కడ తిప్పుకో."

డాక్టరు తిప్పాడు. దీపం వెలిగింది. "అబ్బ! ఇదీ సౌండంటే! నా గిటారు నా చెవిలో కూర్చుని వాయిస్తున్నట్టుంది మావయ్యా!"

డబ్బా లోపల ఉన్నది ఒక బ్యాటరీ. దాన్నుంచి బయల్దేరిన వైరు స్టేజీ తివాచీ కిందకి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

ఈ వైభోగం చూసి మాస్టారు గిటారు కింద పెట్టేశారు. "డాక్టరుగారికేనా? మేం మనుషులం కామా?" ఆయనకీ ఒకటి వచ్చింది, రెండు దీపాలతో. రెండు దీపాలు చూసి బేకరీ ఆయన అలిగాడు. ఆయనకి మూడు పెట్టాడు మావయ్య.

అంతలో హాలు మేనేజరు వచ్చాడు.

"క్రితం నెల ఇలాంటి వాళ్లే వచ్చారు. ఆ మోతకి కింద షాపులో అద్దం పగిలింది. ఇవాళ శ్రుతి మించితే కరెంటు తీసేస్తాను, చెబుతున్నా."

"మీకెందుకండీ ఆ శ్రమ?" అంటూ మావయ్య నాలుగో డబ్బా ఆయన చేతికిచ్చాడు. "ఇది అన్నిటికీ పైది. ఎక్కువనిపిస్తే ఇలా తిప్పండి. నోరెత్తే పనే లేదు."

మేనేజరు దాన్ని పసిపిల్లలా గుండెకి హత్తుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

నాలుగింటికి పాట మొదలైంది. డాక్టరుకి కొంచెం పెంచుకోవాలనిపించింది. తిప్పాలంటే చెయ్యి కావాలి కదా. కుడిచెయ్యి తీగల మీద నుంచి తీశాడు. చెయ్యి తీస్తే గిటారు మోగదు. "అరే, నాది తగ్గిందే!" అనుకుని మళ్లీ తిప్పాడు. సరిగ్గా అప్పుడే కింద మేనేజరు కూడా తిప్పాడు. చప్పుడు తగ్గడం విని మురిసిపోయి పక్కవాళ్లకి చూపించాడు. "చూశారా, ఇలా అనగానే అలా!"

డాక్టరు అది చూడనే చూశాడు. ఇక పంతం పట్టాడు. ఈయన పెంచడం, ఆయన తగ్గించడం. పెంచిన కొద్దీ గిటారు ఆగుతోంది. ఆగిన కొద్దీ ఇంకా పెంచుతున్నాడు.

మూడో పాటలో మాస్టారు కేకేశారు. "డాక్టరుగారూ, నాది మీరే కదూ తగ్గిస్తున్నారు?"

"నా ఏడుపు నాకుంటే మీది నాకెందుకండీ! అదిగో, ఆయన చేతిలో ఉంది అసలుది!"

బేకరీ ఆయన అప్పటికే ఒక చేత్తో డబ్బా తిప్పుతూ ఒక చేత్తో వాయిస్తున్నాడు. అసలుది అనేమాట చెవిన పడగానే రెండో పుల్ల కూడా పడేశాడు.

నాలుగో పాట సగంలో ముగ్గురూ స్టేజీ దిగారు.

"ఒక్క గీత పెంచండి సార్, ఒక్కటే గీత!"

"చెయ్యి తియ్యండి! హాలు ఎవరిది?"

"పాట ఎవరిదండీ?"

లాగులాటలో డబ్బా కింద పడి మూత ఊడింది. బ్యాటరీ దొర్లుకుంటూ కుర్చీల కిందకి పోయింది. దీపం ఆరింది. నలుగురూ బొమ్మల్లా నిలబడ్డారు. వాయించేవాడు లేడు కాబట్టి హాల్లో చీమ చిటుక్కుమనలేదు.

"అయిపోయింది," అన్నాడు డాక్టరు నీరుగారిపోయి. "మొత్తం సౌండే పోయింది."

"అన్నిటికీ పైది అని ముందే చెప్పారు కదా! విన్నారా?" అన్నాడు మేనేజరు.

ఆ నిశ్శబ్దంలో మరదలు ఆగినచోటి నుంచి పాట అందుకుంది. ఈసారి అరవలేదు. పక్కన కూర్చున్నవాళ్లకి చెప్పినట్టు పాడింది.

"నువ్వు పట్టుకెళ్లిన పుస్తకం నీ దగ్గరే ఉంచుకో,
నేను మడిచిన పేజీ ఒక్కటి విప్పకు చాలు..."

లైబ్రరీ వాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. రోజూ ఎదురు బల్ల దగ్గర కూర్చునే మనిషిలో ఇంత ఉందా అని. బ్యాటరీ కోసం వంగిన డాక్టరు వంగినట్టే ఉండిపోయాడు. ఐదేళ్లుగా తను వాయిస్తున్న పాటలో ఏముందో ఆయనకీ అప్పుడే తెలిసింది. మిగతా రెండు పాటలూ ఆవిడ ఒక్కతే పాడింది. ముగ్గురిలో ఎవరూ మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

చప్పట్లు అయ్యాక బావ తల వంచుకుని వచ్చాడు. "ఉంటావా, వెళ్తావా?"

"ఉంటాను బావా," అంది ఆవిడ. "డబ్బాలు మాత్రం ప్రతిసారీ తీసుకురండి."

మావయ్య మిక్సర్ దగ్గర కాలరెగరేస్తూ నిలబడ్డాడు. "విన్నావుగా అమ్మాయ్, నీ గొంతు ఎంత జాగ్రత్తగా తేల్చానో! ఈ మీటల మీంచి చెయ్యి తీస్తే ఒట్టు."

"చూశాను బాబాయ్. మీ మిక్సర్ నుంచి స్పీకర్లకి వెళ్లే వైరు ఎక్కడుందో చూడండి."

చూశాడు. అది చుట్ట చుట్టి ఆయన కుర్చీ కిందే ఉంది.

"మధ్యాహ్నమే ఆ వైరు పీకేసి, నా మైకు తీసుకెళ్లి హాలు వాళ్ల ఉపన్యాసాల స్పీకర్లకి నేరుగా పెట్టుకున్నాను," అంది ఆవిడ. "మీకు మాత్రం చేతులూరుకుంటాయా? మీ దీపాలు వెలుగుతున్నాయి, మీరు హాయిగా తిప్పుకుంటున్నారు. ఎందుకులే చెప్పడం అనుకున్నా."

మావయ్య ఆ వైరు చుట్ట వంక చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని మళ్లీ చూశాడు.

"అది సరేగానీ అమ్మాయ్," అన్నాడు చివరికి, "రెండో పాటలో నేను కాస్త తగ్గించాక బాగుంది కదూ?"