పెద్దాయన ఖాళీ జాగా, పిన్నిగారి స్టూలు

ఆ ఉదయం సైటు ఇంజనీరు వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. మునిసిపాలిటీ ఆఫీసరు వస్తాడు, కింది ఇంటి ఖాళీ జాగా చూస్తాడు, స్థలం ఇచ్చిన పెద్దాయన సంతకం పెడతాడు, ఆఫీసరు అనుమతి పత్రం చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. మధ్యాహ్నానికల్లా ఇంజనీరుగారి సామాన్ల లారీ కొత్త ఇంటి ముందు ఆగుతుంది. అంతే. ఇంత సాఫీగా ఉన్న పథకం సాఫీగా జరగదని అతనికి తెలియదనుకునేరు, తెలుసు. అందుకే తెల్లవార్లూ కంటిమీద కునుకు లేదు.

అతని భయానికి కారణం లేకపోలేదు. ఆ బిల్డింగులోనే మొదటి అంతస్తులో ఓ ఇల్లు కొనుక్కున్నాడు. ఇప్పుడుంటున్న అద్దె ఇంటిని ఆ సాయంత్రానికి ఖాళీ చేస్తానని ఓనరుకి మాటిచ్చేశాడు. అనుమతి పత్రం లేకుండా కొత్త ఇంట్లో చీపురుకట్ట కూడా పెట్టడానికి వీల్లేదు. పత్రం ఇవాళ రాకపోయిందా, భార్యతో, బీరువాతో సహా నడివీధిలో నిలబడాలి.

ఆ పత్రమేమో ఒకే ఒక్క షరతు మీద వేలాడుతోంది. పెద్దాయన తన పాత ఇంటిని పడగొట్టి అపార్టుమెంటు కట్టుకోమని కంపెనీకిచ్చినప్పుడు, ఒప్పందంలో పట్టుబట్టి రాయించి, మంజూరైన ప్లానులో కూడా ఎక్కించుకున్న షరతది. తన వాటాకొచ్చే కింది ఇంటికి హాల్లోంచి నేరుగా వెళ్లేలా సొంత ఖాళీ జాగా ఉండాలి. పైన ఆకాశం కనబడాలి. అందులో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి పక్కింటి వంటింటి కిటికీలోంచి మాత్రం కనబడకూడదు. పక్కింటివాళ్లు రోజూ కిటికీ దగ్గర ఎలా నిలబడతారో అలాగే నిలబడి చూసి ఆఫీసరు ఖాయం చెయ్యాలి. పై ఇళ్ల బాల్కనీలకు ఇలాంటి గొడవేమీ లేదు. అవి కంపెనీ వాటా, వాటి గురించి పట్టుబట్టినవాళ్లెవరూ లేరు.

ఈ షరతు వెనకాల ఉన్నది పక్కింటి పిన్నిగారు. వీధి వీధంతా ఆవిణ్ణి పిన్నిగారనే పిలుస్తుంది. ఇల్లు కడుతున్నన్నాళ్లూ పెద్దాయన వీధి చివర అద్దె గదిలో కాలక్షేపం చేస్తూ, పొద్దున్నే వచ్చి తన ఖాళీ జాగాలో కుర్చీ వేసుకునేవాడు. ఆయన కూర్చోవడం ఆలస్యం, కిటికీలోంచి గొంతు వినబడేది. "అన్నయ్యగారూ, బనియను తిరగేసి తొడుక్కున్నారు!" "అన్నయ్యగారూ, మాత్ర వేసుకున్నారా?" ఆయన పళ్లు నూరుకుంటూ ఇంజనీరు వైపు తిరిగేవాడు. "విన్నావా బాబూ? నా బీపీ సంగతి కూడా వీధికెక్కింది. గోడ ఎప్పుడు లేస్తుంది?"

గోడ లేచింది. మామూలు మనిషి కిటికీ దగ్గర నిలబడితే ఇవతల ఏమీ కనబడనంత ఎత్తు లెక్కగట్టి మరీ లేపాడు ఇంజనీరు. ఆ ఉదయం చివరిసారి చూసుకుందామని ఖాళీ జాగా మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. హాయిగా ఊపిరి తీసుకుని తలెత్తాడు. గోడ మీదుగా పిన్నిగారి మొహం నవ్వుతోంది.

"ఏం బాబూ, ఇంత పొద్దున్నే వచ్చావు? మొహం పీక్కుపోయిందేం? నిద్రపోలేదా?"

అతను కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "పిన్నిగారూ! మీరు... అంత ఎత్తున ఎలా ఉన్నారు?"

"గోడ లేపారుగా మరి. స్టూలెక్కాను. వారం నుంచీ ఇదే తంతు. మోకాళ్లు పోతున్నాయనుకో."

పాపం ఆవిడ మనసులో ఏమీ లేదు. కానీ ఇంజనీరు కళ్లముందు జరగబోయేదంతా కదిలింది. ఆఫీసరు వచ్చి "రోజూ ఎలా నిలబడతారమ్మా?" అని అడుగుతాడు, ఈవిడ "స్టూలెక్కి" అంటుంది, స్టూలెక్కి చూస్తే పెద్దాయన బట్టతల నిగనిగలాడుతూ కనబడుతుంది. లారీ నడివీధిలో ఆగుతుంది. సంగతి ఇదమ్మా, ఈ ఒక్క పూట స్టూలు దిగండి అని ఆవిడతోనే చెబితే పోయేదానికి, భయపడిన మనిషికి సూటి దారి ఎప్పుడు కనబడింది గనక! మేడమీద తలుపులకు గడియలు బిగిస్తున్న వడ్రంగిని చాటుగా పిలిచాడు.

"పక్కింటి స్టూలు కాలొకటి ఊగుతోందట. బాగుచేస్తానని చెప్పి పట్టుకురా. సాయంత్రం దాకా తిరిగివ్వకు."

వడ్రంగి తలూపి వెళ్లాడు. అరగంట గడిచాక ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, లారీ ఎక్కించేస్తున్నారు."

"అప్పుడేనా! మధ్యాహ్నం అన్నాను కదే!"

"ఓనరుగారు సున్నం వేసేవాళ్లని వెంటబెట్టుకొచ్చారండీ. నేను కూర్చున్న కుర్చీ వెనకాల గోడకి అప్పుడే వేసేశారు. కాస్త జరగండమ్మా అంటున్నారు. ఎక్కడికని జరగను?"

ఏదో ఒకటి చెప్పి ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి, వడ్రంగి ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు.

"స్టూలేదీ?"

"ఇచ్చేశాను సార్. ఆవిడ అడిగారు."

"సాయంత్రం దాకా ఇవ్వొద్దన్నానా?"

"పనైపోయింది కదా సార్, ఇంక దగ్గర పెట్టుకుని ఏం చెయ్యను? అసలు అది ఊగడమే లేదు. మీరు ఊగుతోందన్నారు కదా అని ఓ కాలు కొంచెం కోశాను. అప్పుడు ఊగింది. దానికి సరిపోయేలా మిగతావి కోశాను. ఇంకో పక్కకి ఊగింది. మళ్లీ కోశాను. ఇప్పుడు రాయిలా ఉంది సార్. కాకపోతే కాస్త కిందకుంది."

ఎంత కిందకుందో కిటికీలోంచి వచ్చిన కేక చెప్పింది. "ఇది స్టూలా, పీటా? నా పెళ్లినాటి స్టూలు! దీని కాళ్లు నరకమని చెప్పిందెవరు?"

వడ్రంగి ఇంజనీరు వైపు చూశాడు. పిన్నిగారు వడ్రంగి చూపు ఎటు వెళ్లిందో చూసింది. వారం నుంచీ లేస్తున్న గోడా, పొట్టిదైన స్టూలూ ఆవిడ బుర్రలో ఒక్కచోట చేరాయి.

"ఓహో, అదా సంగతి! నేను చూడకూడదా? నా వంటింట్లో, నా కిటికీలోంచి? ముప్ఫై ఏళ్ల నుంచి చూస్తున్న జాగా అది! ఉండు, నీ పని చెబుతా."

లోపల ఏదో బరబరా ఈడ్చిన చప్పుడైంది. పిన్నిగారి మొహం మళ్లీ గోడ మీదకి లేచింది, ఈసారి మెడా భుజాలతో సహా. బల్ల ఎక్కింది మహాతల్లి. ఆ కిటికీ చూస్తే కర్మకాలి పైకప్పు దాకా ఉంది.

"సెంట్రింగు చెక్కలు పట్రా!" అని గావుకేక పెట్టాడు ఇంజనీరు. శ్లాబు పోసినప్పుడు వాడి మూల పడేసిన చెక్కలు పట్టుకొచ్చి వడ్రంగి గోడ మీద వరసగా బిగించాడు. పిన్నిగారి మొహం మాయమైంది. ఇంజనీరు చెమట తుడుచుకునేలోగా చెక్కల మీద ఆవిడ కొప్పు కనబడింది, ఆ వెనకే కళ్లు. బల్ల మీద పొట్టి స్టూలు వేసుకుని ఎక్కింది.

"చూశావా, నీ వడ్రంగి పని ఊరికే పోలేదు!" అంది.

ఇంకో వరస చెక్కలు పడ్డాయి. ఆ దెబ్బకి పిన్నిగారి వంటింట్లో చీకటి కమ్మి, పట్టపగలు దీపం వేసుకోవాల్సొచ్చింది. ఆవిడ కోపంగా స్విచ్చి నొక్కిన చప్పుడు ఇవతలికి కూడా వినబడింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆఫీసరు జీపు ఆగింది. వెనకాలే రిక్షా దిగి పెద్దాయన వచ్చాడు. ఆ వెనక, వీధి మలుపులో, ఇంజనీరుకి చిరపరిచితమైన బీరువా ఒకటి లారీ మీద ఊగుతూ వస్తోంది. దాని పక్కన, డ్రైవరు సీటు దగ్గర, ఒళ్లో గోడగడియారం పెట్టుకుని భార్య కూర్చుని ఉంది.

ఆఫీసరు నెమ్మదస్తుడు, రూలు చెప్పిందే తప్ప ఇంకోటి చెయ్యని మనిషి. ఆకాశం చూశాడు, ఉంది. జాగా కొలిచాడు, సరిపోయింది. పెద్దాయనని కుర్చీలో కూర్చోబెట్టి పక్కింటికి నడిచాడు. ఇంజనీరు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెంట వెళ్లాడు.

"అమ్మా, మీరు రోజూ ఈ కిటికీ దగ్గర ఎలా నిలబడతారో చూపిస్తారా?"

"రోజూనా బాబూ? మామూలుగా నేల మీదే. ఈ వారం స్టూలు మీద. ఇవాళైతే బల్ల, దాని మీద ఈ పీట. సాయంత్రానికి ఇంకేం ఎక్కిస్తారో వాళ్లనే అడగండి."

ఆఫీసరు ఒక్క క్షణం ఆలోచించి, ఎందుకైనా మంచిదని అన్నింటికన్నా ఎత్తయినదే ఎక్కుతానన్నాడు. బూట్లు విప్పి బల్లెక్కాడు, బల్ల మీద పొట్టి స్టూలెక్కాడు. ఇంజనీరు కింద బల్ల కాళ్లు రెండు చేతులా వాటేసుకుని కళ్లు మూసుకున్నాడు. స్టూలు రవ్వంతైనా ఊగలేదు.

"చెక్కలు తప్ప ఏమీ కనబడటం లేదు" అన్నాడు ఆఫీసరు పైనుంచి. "షరతు నెరవేరింది. పెద్దాయన సంతకం పెడితే పత్రం ఇచ్చేస్తాను."

ఇంజనీరుకి ఏడుపొక్కటే తక్కువ. ఒక్క పరుగున ఖాళీ జాగాలోకి వచ్చి కాగితం, కలం పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆయన కలం మూత తీశాడు. చుట్టూ చూశాడు. పైకి చూశాడు. ఎక్కడా చడీచప్పుడు లేదు.

"బాబూ" అన్నాడు నెమ్మదిగా, "ఇవాళ నేను మాత్ర వేసుకున్నానా?"

"నాకెలా తెలుస్తుందండీ? ముందు ఇక్కడ సంతకం..."

పెద్దాయన గోడ వైపు తిరిగి గొంతెత్తాడు. "అమ్మాయ్! ఇవాళ నేను మాత్ర వేసుకున్నానా?"

చెక్కల అవతల్నుంచి సమాధానం వచ్చింది. "నాకేం తెలుసు అన్నయ్యగారూ! పొద్దున్నుంచీ మీ మొహం కనబడితే కదా! మాత్ర వేసుకున్న రోజు ఆ చేదుకి మూతి వంకరపెట్టుకుని కూర్చుంటారు. అది చూసి చెప్పేదాన్ని."

పెద్దాయన కలానికి మూత పెట్టేశాడు.

"నేను సంతకం పెట్టను. ఆ చెక్కలు తీయించు. గోడ కూడా దించు."

ఇంజనీరు కాగితాన్ని మళ్లీ ఆయన ముందుకి తోశాడు. "అయ్యా! మీరడిగిందే కదండీ ఇది! ఒప్పందంలో రాయించిందే మీరు కదండీ!"

"అడిగాను. ఆవిడ నోరు పడలేక అడిగాను. ఇప్పుడు కూర్చుని చూస్తే బావిలో దిగినట్టుంది. ఇందులో నేను ఎవర్ని తిట్టుకోవాలి, నిన్నా? నువ్వు పైనుంటావు. రాత్రి పూట నాకేదైనా అయితే చూసేదెవరు?"

"గోడ దించితే షరతు తప్పుతుంది" అన్నాడు వెనకాలే వచ్చిన ఆఫీసరు శాంతంగా, బూట్ల తాళ్లు కట్టుకుంటూ. "షరతు తప్పితే పత్రం ఇవ్వడం కుదరదు."

బయట లారీవాడు హారన్ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. ఇంజనీరులో ఏదో తెగిపోయింది. ఉన్నచోటే నేలమీద చతికిలబడ్డాడు.

"నా బతుకు బస్టాండు చేశారండీ మీరిద్దరూ! అద్దె ఇంటికి పొద్దున్నే సున్నం వేసేశారు. మా ఆవిడ గోడగడియారం ఒళ్లో పెట్టుకుని లారీలో కూర్చుంది. పత్రం రాకపోతే ఈ రాత్రికి నేనూ అదీ బీరువాలో పడుకోవాలి. గోడ కావాలంటారు, వద్దంటారు! ఆవిడేమో బల్లలెక్కుతారు! నేనెక్కడికి పోనండీ?"

చెక్కల అవతల పిన్నిగారి గొంతు మెత్తగా వినబడింది.

"ఆ ముక్క పొద్దున్నే చెబితే ఏం పోయింది బాబూ? స్టూలు నేనే దిగేదాన్ని కదా! ఆ పిల్లని లారీలో ఎందుకు కూర్చోబెట్టారు, మా ఇంట్లోకి రమ్మను."

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఒక దారుంది. షరతు ఎవరి కోసం రాశారో, ఆ మనిషే అది తనకి అక్కర్లేదని రాసిస్తే తీసేయొచ్చు."

"అది ఇందాక చెప్పలేదేం!" అని ఇంజనీరు దాదాపు ఆయన మీద పడ్డాడు.

"ఎవరూ అడగలేదు" అన్నాడు ఆఫీసరు.

పెద్దాయన అక్కడికక్కడే కాగితం మీద రాసిచ్చాడు. పక్కింటి అమ్మాయి ఒక్కతే చూడొచ్చు, మిగతావాళ్లెవరూ చూడకూడదు అని మొదట రాస్తే, అలా మనిషిని బట్టి రాయకూడదని ఆఫీసరు కొట్టేయించాడు. సంతకాలయ్యాయి. పత్రం ఇంజనీరు చేతిలో పడింది. వడ్రంగి చెక్కలన్నీ విప్పేశాడు, గోడ పై వరసలు రేపు దింపిస్తానని ఇంజనీరు మాటిచ్చాడు. లారీ లోపలికొచ్చింది. మాత్రల డబ్బాలో ఆ పూటది అలాగే ఉందని తేలి, పెద్దాయన అది వేసుకుని మూతి వంకరపెట్టాడు.

సాయంత్రానికి సామాన్లన్నీ పైకెక్కాయి. ఇంజనీరు తన సొంత బాల్కనీలో, తన సొంత కుర్చీలో, బనియనుతో, చేతిలో టీ గ్లాసుతో కూర్చున్నాడు. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి గుండెలనిండా ఊపిరి తీసుకున్నాడు. వదిలేలోగా గొంతు వినబడింది.

"బాబూ, ఆ బనియనుకి చంక కింద చిరుగుంది, చూసుకున్నావా? అమ్మాయ్, టీలో పంచదార తగ్గించు, ఇతనికి అప్పుడే పొట్ట వస్తోంది!"

"అలాగే పిన్నిగారూ!" అంది లోపల్నుంచి భార్య, ఎంతో సంతోషంగా.

ఇంజనీరు ఉలిక్కిపడి కిందకి చూశాడు. కిటికీ పైభాగంలో, పొద్దున కన్నా ఎత్తులో, పిన్నిగారు నిలబడి ఉంది. అతను టీ గ్లాసు అక్కడే వదిలేసి, మెట్ల దగ్గర పనిముట్లు సంచిలో సర్దుకుంటున్న వడ్రంగి దగ్గరకి పరిగెత్తాడు.

"ఒరేయ్, పొద్దున విప్పిన చెక్కలేవీ? అర్జెంటుగా కావాలి!"

"అవా సార్? పిన్నిగారి స్టూలు పాడుచేశాను కదా, పాపమనిపించి వాటితోనే కొత్తది చేసిచ్చాను. పై అంతస్తు కూడా కనబడాలన్నారు, అందుకని పొడుగు కాళ్లు పెట్టాను" అన్నాడు వడ్రంగి. "ఇది మాత్రం జన్మలో ఊగదు సార్."