కాజ్ అనే మాట, కొన్యాక్ సీసా

ఆ పొద్దున అర్షవీర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజధాని యెరెవాన్ నుంచి స్యూనిక్ కొండల్లో ఉన్న ఒక ఊరికి వెళ్ళాలి, అక్కడి షోఘకాత్ మామ్మ అనే పెద్దావిడ నోట ఒక్క వాక్యం విని రాసుకోవాలి, తిరుగు బస్సెక్కాలి. తాను కూర్చుతున్న నిఘంటువులో ‘కాజ్’, అంటే ధైర్యంగల, అనే విశేషణం దగ్గర ఆయన ఇరవై ఏళ్ళుగా చిక్కుబడిపోయాడు. పుస్తకాల్లో ఆ మాట కత్తి పట్టిన వీరుడికే దక్కింది. ఈ ఊళ్ళో మాత్రం ఆడవాళ్ళని కూడా అలా అంటారని ఎవరో చెప్పారు. ఆ మాట ఎక్కడ పుట్టిందో పండితులు ఎటూ తేల్చలేదు. కనీసం అర్థమైనా నిండుగా ఇద్దామని ఆయన తాపత్రయం. రేపే ఆ పుట అచ్చుకు వెళుతుంది.

వట్టి చేతులతో వెళితే బాగుండదని భార్య కొన్యాక్ బ్రాందీ సీసా, చాక్లెట్ డబ్బా సంచిలో పెట్టింది. ఇస్త్రీ కోటు తొడిగించింది. పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంటికి ఆ సరంజామాతో మగవాడు దేనికి వెళతాడో ఇద్దరికీ తట్టలేదు.

మామ్మ కోటు చూసింది, జేబులోంచి తొంగిచూస్తున్న నోటు పుస్తకం చూసింది, సీసా చూసింది. మనవరాలు నునుఫార్‌ని కాఫీ పెట్టమని చెప్పి, కొడుకులిద్దరికీ కబురంపింది.

"మామ్మా, నేను కాజ్ అనే మాట గురించి వచ్చాను," అన్నాడు అర్షవీర్.

"తెలుసులే. ఇలాంటి పని మీద వచ్చినవాళ్ళు అసలు సంగతి ఎత్తకూడదు. మర్యాద తెలిసినవాడివి నాయనా."

"నిజంగా నిఘంటువు పనే మామ్మా."

"నీ నొప్పి నాకు రానీ, తొందరేముంది? పిల్లలెందరు?"

"ఒక్కడే కొడుకు. ఇంజనీరు. పెళ్ళి కాలేదు," అన్నాక గానీ మామ్మ దేనికి అడుగుతోందో ఆయనకు తట్టలేదు.

ఈలోగా పిల్ల తండ్రి వాచె, బాబాయి తాతుల్ వచ్చి బల్లకు చెరో చివర కూర్చున్నారు. పొలం గట్టు మీది అక్రోటు చెట్టు కోసం అన్నదమ్ములకు మూడేళ్ళుగా మాటల్లేవు. కానీ బాబాయి లేకుండా పిల్ల సంబంధం తేలదు. తాతుల్ సీసా అందుకున్నాడు. మూత తీస్తే పిల్లనిచ్చినట్టే లెక్క.

"ఆగండి బాబూ, ఆగండి," అన్నాడు అర్షవీర్.

"బెట్టు చేస్తున్నాడు," అన్నాడు వాచె తమ్ముడితో.

"పట్నంవాళ్ళు అంతే అన్నయ్యా," అన్నాడు తాతుల్. అని, మూడేళ్ళకు మాట కలిసిందని తెలిసి ఇద్దరూ ఉలిక్కిపడి సీసా వైపు చూశారు. మూత అప్పటికే ఊడింది.

"నేను చేసుకోను. ఆ ఇంజనీరు మొహమైనా నాకు తెలీదు," అంది నునుఫార్ గుమ్మంలోంచి.

"మావాడికీ ఈ సంగతే తెలీదమ్మా," అంటూ అర్షవీర్ నోటు పుస్తకం, నిఘంటువు కాగితాలు అన్నీ బల్ల మీద పోశాడు. సంబంధం కాదని తేలేసరికి అన్నదమ్ములు ఒక్కసారే లేచారు. వాక్యం సంగతి దేవుడెరుగు, వీపు విమానం మోత మోగేలా ఉందని ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"కూర్చోండిరా," అంది మామ్మ. "సంబంధానికి వచ్చేవాడు ఒంటరిగా రాడు, నోటు పుస్తకం తెచ్చుకోడు. నాకు గుమ్మంలోనే తెలుసు. మిమ్మల్నిద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి మూడేళ్ళుగా ఇంకో దారి దొరకలేదు, ఏం చెయ్యను?"

తాతుల్ ముందు అన్న గ్లాసు నింపాడు, తర్వాత అతిథిది, చివరికి తనది. లేచి నిలబడ్డాడు.

"కాజ్ అంటే మా అమ్మ. అరవలేదు, ఏడవలేదు, కాఫీ పెట్టించి ఇద్దర్నీ గెలిచింది."

అర్షవీర్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్ళలో ఏ పండితుడూ ఇంత చక్కగా చెప్పలేదు. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు.

మర్నాడు అచ్చుకు వెళ్ళిన పుటలో ఆ వాక్యం కింద, ఏ సందర్భంలో విన్నారో రాయాల్సిన చోట, ఆయన నిజాయితీగా ‘పెళ్ళిచూపుల్లో’ అని రాశాడు.