జిరాఫీ పిల్ల కోసం ఐదు వేల మంది

తొమ్మిదింటికి టోకెన్లు వదలాలి, తొమ్మిదింపావుకల్లా తీరిగ్గా కాఫీ తాగాలి. ఆ ఉదయానికి ప్రోగ్రామరమ్మ వేసుకున్న ప్లాను అంతే. జూలో పుట్టిన జిరాఫీ పిల్లను చూడటానికి రోజుకు మూడు వందల టోకెన్లు ఇచ్చే యాప్ ఆవిడే రాసింది. సొంతంగా కంపెనీ పెట్టాక దొరికిన మొదటి పని! పదికల్లా టోకెన్లన్నీ అయిపోకపోతే మళ్లీ కాగితం టికెట్లేనని జూ డైరెక్టరు ముందే తేల్చి చెప్పాడు.

ఎనిమిదింటికి సర్వరు ఆన్ చేసింది. ఎనిమిదిన్నరకే జూ ఆఫీసు గోడ మీది తెరలో కనెక్షన్లు మూడు వేల ఆరు వందలు! డైరెక్టరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"టోకెన్లు వదలకముందే ఇంతమందా! రెండో గేటు తెరవండి! పోలీసుల్ని పిలవండి!"

పోలీసులు వచ్చారు, అంబులెన్సూ వచ్చింది. గేటు దగ్గర పిట్ట కూడా లేదు.

"అందరూ ఇళ్లల్లో తయారవుతున్నార్లే," అన్నాడు డైరెక్టరు.

తొమ్మిదయింది. తెర మీద ఐదు వేలు. టోకెన్లు మాత్రం ఒక్కటీ కదల్లేదు. తొమ్మిదిన్నరకూ అదే తీరు.

"యాప్‌లో పిల్ల ఫొటో చూసి మైమరిచిపోయుంటారు!" అన్నాడు డైరెక్టరు.

ప్రోగ్రామరమ్మకు అనుమానం వచ్చి జాబితా తీసింది. ఐదు వేలూ ఒకే ఫోను నుంచి! ఆ నంబరు చూసి ఆవిడకు పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే ఇంటికి ఫోను చేసింది.

"మావయ్యా, యాప్‌లో మీరేం చేస్తున్నారు?"

"ఏం చెయ్యలేదమ్మా. మన యాప్ కదా, మొదటి టోకెను నేనే తీసుకుందామని ఎనిమిదింటి నుంచీ వంటింట్లో కూర్చున్నా. చక్రం తిరుగుతూనే ఉంది."

వంటింట్లో సిగ్నలు అంతంతమాత్రం. అర సెకనులో జవాబు అందకపోతే యాప్ కొత్త కనెక్షను తెరుస్తుంది. పాతది మూసే లైను రాయడం ఈ మహాతల్లి మరిచిపోయింది. సర్వరు మోయగలిగింది ఐదు వేలు, అన్నింట్లోనూ మావగారే.

"సార్, అది జనం కాదు. మా మావగారు," అని, ఫోనుకు ఒకే కనెక్షనన్న షరతు గబగబా రాసి మీట నొక్కింది.

ఐదు వేలు కాస్తా ఒకటయింది. డైరెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. టైము పదికి ఐదు నిమిషాలు.

"మళ్లీ కాగితమేనమ్మా," అంటుండగానే తెర కదిలింది. నలభై. తొమ్మిది వందలు. రెండు వేలు! తొమ్మిదింటి నుంచీ యాప్‌లోకి దారి దొరక్క బయటే ఆగిపోయిన అసలు జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. రెండు నిమిషాల్లో మూడు వందలూ ఊడ్చుకుపోయాయి. ఆనందం పట్టలేక డైరెక్టరు పోలీసులకు సెల్యూట్ కొట్టాడు. ప్రోగ్రామరమ్మ కళ్లు తుడుచుకుంది. ఇంతలో ఇంటి నుంచి ఫోను.

"ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా," అన్నారు మావగారు. "టోకెన్లు అయిపోయాయని వెంటనే చెప్పేసింది."